పోపుల కోటలో నాటకాల నెల

మూడు వారాల పాటు ఊరే రంగస్థలం. ఫ్రాన్స్ దక్షిణాన, రోన్ నది ఒడ్డున ఉన్న అవిన్యోన్‌లో జూలై నెల ఎలా గడుస్తుందో చూసొద్దాం.

జూలై మొదటి వారంలో అవిన్యోన్ వీధుల్లో దీపస్తంభాలు కనిపించవు, అట్టలు కనిపిస్తాయి. నాటకం పోస్టరును దళసరి అట్టకు అంటించి, మూలల్లో చిల్లులు పొడిచి, పురికొసతో స్తంభానికి కట్టేస్తారు. దాని కింద మరొకటి, వెనక మరొకటి. కిటికీ ఊచలు, మెట్ల కటకటాలు, వాన గొట్టాలు, దారి చూపే బోర్డుల కాళ్లు.. కొస చుట్టడానికి వీలున్నదేదీ ఖాళీగా ఉండదు. నిచ్చెన మీద ఒకమ్మాయి ముడి వేస్తుంటుంది. కింద ఒకబ్బాయి ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని, రెండో చేత్తో కరపత్రాలు పంచుతుంటాడు. మధ్యాహ్నం పన్నెండున్నర ఆటకు ఆ అమ్మాయే కథానాయిక. ఆ అబ్బాయి దర్శకుడు. లైట్లు వేసేదీ, టికెట్లు చింపేదీ కూడా అతనే.

కరపత్రానికి చెయ్యి చాపారో, చిక్కినట్టే. కథంతా చెప్పందే వదలరు. ఫ్రెంచి రాదంటే ఇంగ్లిష్‌లో, అదీ రాదంటే చేతులూ కళ్లూ తిప్పి చెబుతారు. నడినెత్తిన సూర్యుడు మాడుస్తుంటే, పదిహేడో శతాబ్దపు విగ్గూ పట్టుకోటూ వేసుకుని ఒకాయన మోలియేర్ నాటకంలోని ముక్కను వీధి మలుపులో అప్పజెబుతుంటాడు. ఆయన్ని తోసుకుంటూ డప్పులతో ఇంకో బృందం వచ్చేస్తుంది. కాఫీ తాగుతున్నవాళ్లు విసుక్కోరు. చేతిలో పెట్టిన పది కరపత్రాలనూ పేకముక్కల్లా పరుచుకుని, ఏ ఆట ముందు, ఏది తర్వాత అని లెక్కలు వేసుకుంటుంటారు.

పారిస్‌లోని గార్ ద లియోన్ స్టేషన్‌లో టీజీవీ అనే వేగపు రైలు ఎక్కితే దాదాపు 2 గంటల 40 నిమిషాల్లో అవిన్యోన్. ఆ రైలు దింపే స్టేషన్ ఊరి బయట ఉంటుంది. అక్కడి నుంచి చిన్న రైలు ఐదు నిమిషాల్లో పాత ఊరి గుమ్మం ముందు దించుతుంది. గుమ్మం అనడం అతిశయోక్తి కాదు. ఊరి చుట్టూ 14వ శతాబ్దంలో కట్టిన రాతి ప్రాకారం, 4.3 కిలోమీటర్ల పొడవున, నేటికీ చెక్కుచెదరకుండా నిలిచి ఉంది. నగర జనాభా 90 వేల పైచిలుకైనా, ప్రాకారం లోపల ఉండేది అందులో చిన్న భాగమే. ఈ చివరి నుంచి ఆ చివరికి అరగంట నడక. ఆ అరగంట నడకలో జూలైలో రోజుకు వందల ఆటలు పడుతుంటాయి.

రోమ్‌ను కాదన్న పోపులు

ఈ ఊరికి ఇంత పెద్ద కోట ఎందుకొచ్చిందో తెలియకపోతే ఉత్సవం సగమే అర్థమవుతుంది. పోపు అంటే మనకు గుర్తొచ్చేది రోమ్. కానీ 1309లో ఐదో క్లెమెంట్ అవిన్యోన్‌కు వచ్చి ఉండిపోయాడు. అప్పటి నుంచి 1377లో పదకొండో గ్రెగొరీ మళ్లీ రోమ్ చేరేదాకా ఏడుగురు పోపులు క్రైస్తవ ప్రపంచాన్ని ఇక్కడి నుంచే ఏలారు. ఏడుగురూ ఫ్రెంచివాళ్లే.

వాళ్లలో ఇద్దరు కట్టించిందే ఈ కోట. పన్నెండో బెనెడిక్ట్ సన్యాసి స్వభావం ఉన్నవాడు. 1335లో మొదలుపెట్టి, నగిషీ లేని మోటు గోడలతో కట్టించాడు. తర్వాత వచ్చిన ఆరో క్లెమెంట్ భోగి. పాత కోటకు ఆనించి కొత్తది లేపి, ఇటలీ నుంచి మాత్తెయో జొవాన్నెత్తి అనే చిత్రకారుణ్ని రప్పించి గోడలకు రంగులద్దించాడు. ఇరవై ఏళ్లు తిరక్కుండానే 15 వేల చదరపు మీటర్ల కోట తయారైంది. గోథిక్ శైలిలో కట్టిన రాజప్రాసాదాల్లో ఇదే అతి పెద్దది. అంతటితో ఆగక క్లెమెంట్ 1348లో నేపుల్స్ రాణి జోవన్న నుంచి ఊరినే 80 వేల బంగారు ఫ్లోరిన్లకు కొనేశాడు. ఆ ఏడాదే ప్లేగు వచ్చింది. వైద్యుడు గీ ద షోలియాక్ సలహా మీద పోపు రెండు పెద్ద మంటల మధ్య కూర్చుని గడిపి బతికి బయటపడ్డాడు. ప్లేగుకు యూదులే కారణమని జనం వాళ్లను చంపుతుంటే, అది తప్పని ఆజ్ఞాపత్రాలు రాయించిందీ ఈ భోగే. మనుషుల్ని ఒక్క మాటలో కట్టేయలేం మరి.

కొన్న ఊరు 1791 దాకా పోపుల చేతిలోనే ఉంది. ఫ్రెంచి విప్లవం తర్వాత కోటను సైనికుల బ్యారక్‌గా మార్చారు, 1906 దాకా. అందుకే ఇవాళ లోపల గదులన్నీ బోడిగా ఉంటాయి. టికెట్‌తో పాటు చేతికిచ్చే టాబ్లెట్‌ను ఎత్తి చూపితే ఆనాటి పరుపులు, పరదాలు తెర మీద ప్రత్యక్షమవుతాయి. పిల్లలకు సరదా. పెద్దలు మాత్రం టాబ్లెట్ పక్కన పెట్టి ‘లేడి గది’లో కాసేపు నిలబడాలి. అది ఆరో క్లెమెంట్ సొంత గది. 1343 నాటి చిత్రాల్లో దేవుళ్లు లేరు, దేవదూతలు లేరు. వేట కుక్కలు, పళ్ల చెట్లు, కొలనులో చేపలు, వాటిని పట్టేవాళ్లు.. మతగురువు సొంత గది గోడల నిండా ఇవే.

ఈ ఊరికి వచ్చి, చూసి, తిట్టిపోసినవాళ్లూ ఉన్నారు. అందరిలోకీ ప్రసిద్ధుడు ఇటలీ కవి పెట్రార్క్. పోపుల కొలువులోని అవినీతిని చూసి ఈ నగరాన్ని బాబిలోన్‌తో పోల్చాడు. కానీ జన్మంతా ఎవరి మీద కవిత్వం చెప్పాడో ఆ లారాను మొదటిసారి చూసింది ఇక్కడే. 1327 ఏప్రిల్ 6న, సెయింట్ క్లేర్ చర్చిలో. ఆ చోట ఇప్పుడు నాటకశాల ఉంది. జూలైలో అక్కడా ఆటలే.

ఆ సెప్టెంబర్‌లో ఏం జరిగింది?

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి రెండేళ్లు. 1947. కళా విమర్శకుడు క్రిస్టియాన్ జెర్వోస్, కవి రెనే షార్ కలిసి కోటలోని పెద్ద ప్రార్థన మందిరంలో ఆధునిక చిత్రకళా ప్రదర్శన పెట్టారు. పక్కనే ముంగిట్లో ఒక నాటకం ఆడితే నిండుగా ఉంటుందని 35 ఏళ్ల దర్శకుడు జాఁ విలార్‌ను అడిగారు. ఆయన కుదరదన్నాడు. ఎత్తయిన గోడల మధ్య, పైకప్పు లేని అంత పెద్ద ఖాళీలో నటుడి గొంతు నిలవదని ఆయన భయం. కొన్నాళ్లకు తిరిగొచ్చి, ఒకటి కాదు, మూడు కొత్త నాటకాలు వేస్తానన్నాడు. షేక్‌స్పియర్ ‘రిచర్డ్ 2’, పోల్ క్లోదెల్‌ది ఒకటి, మోరిస్ క్లావెల్‌ది ఒకటి. మేయర్ సరేనన్నాడు. సైన్యంలోని ఇంజనీరింగ్ దళం వచ్చి చెక్కలతో వేదిక కట్టింది. ‘కళా వారం’ పేరుతో సెప్టెంబర్ 4 నుంచి 10 దాకా జరిగిన ఆ సంబరానికి వచ్చినవాళ్లు 4,800 మంది. వారిలో టికెట్ కొన్నది 2,900. మిగతావాళ్లు ఊరికే చూశారు. ఎక్కడైనా నాటకాల సంగతి అంతే కదా!

మరుసటి ఏడాది ఉత్సవం జూలైకి మారింది. పేదరికమే పద్ధతైంది. సెట్టింగులకు డబ్బుల్లేవు కనుక విలార్ బోడి వేదిక మీద వెలుగూ దుస్తులూ మాటా మాత్రమే మిగిల్చాడు. వెనక రాతిగోడే తెర. తొందర్లోనే ఆ శైలి ఫ్రాన్స్ అంతా పాకింది. 1951లో అప్పటికే సినిమా తారగా వెలుగుతున్న జెరార్ ఫిలిప్ వచ్చి ఈ ముంగిట్లో ‘ల సీద్’ ఆడాడు. ఆయన కోసం జనం విరగబడ్డారు. 36 ఏళ్లకే, 1959లో చనిపోతే, ఆ నాటకంలో వేసుకున్న దుస్తుల్లోనే ఆయన్ను ఖననం చేశారు.

విలార్ వాదన సూటిగా ఉండేది. నీళ్లు, గ్యాస్, కరెంటు లాగే నాటకం కూడా ప్రజలకు అందాల్సిన సేవ అనేవాడు. ధర తక్కువ ఉండాలి, సీటు చూపించినవాడికి బక్షీసు ఇచ్చే ఆచారం పోవాలి, వేళకు తలుపులు మూయాలి. ఉత్సవంలో పోటీలు లేవు, బహుమతులు లేవు, నేటికీ లేవు. పరిషత్తు నాటకాలకు అలవాటుపడిన మనకు ఇది వింతగా ఉంటుంది. ఉత్తమ నటి ఎవరో, ఉత్తమ రంగాలంకరణ ఎవరిదో చెప్పడానికి న్యాయనిర్ణేతలుండరు. దాంతో తీర్పు చెప్పే పని ప్రేక్షకులే నెత్తిన వేసుకున్నారు. నచ్చకపోతే ఆట మధ్యలో లేచి, చెక్క మెట్ల మీద ధనధన అడుగులు వేస్తూ వెళ్లిపోతారు. నచ్చితే అరగంట చప్పట్లు. రెండూ ఒకే రాత్రి, ఒకే ఆటకు జరగడం ఇక్కడ మామూలే.

ఇప్పుడు ఆ ముంగిట్లో దాదాపు 2 వేల సీట్లు. ఆట రాత్రి పదింటికి గానీ మొదలవదు. జూలైలో ఇక్కడ తొమ్మిదిన్నర దాకా పొద్దు గూకదు మరి. వేళవుతుండగా బాకాలు మోగుతాయి. ఆ బాణీ కట్టింది మోరిస్ జార్. తర్వాత ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’కూ, ‘ఎ పాసేజ్ టు ఇండియా’కూ ఆస్కార్లు అందుకున్నది ఈయనే. విలార్ దగ్గర కుర్రాడిగా చేరినప్పుడు కట్టిన ఆ నాలుగు ముక్కల బాకా పాట ఇంకా ఇక్కడ ప్రేక్షకులను సీట్లలోకి తరుముతూనే ఉంది.

ఎండ గురించి అందరూ చెబుతారు. గాలి సంగతి చెప్పరు. ఉత్తరం నుంచి రోన్ లోయ వెంట మిస్ట్రాల్ అనే గాలి వీస్తుంది. పగలు చెమటలు కక్కించిన ఊళ్లోనే రాత్రి దుప్పటి కప్పుకుని నాటకం చూడాల్సి వస్తుంది. పాతకాపులను గుర్తుపట్టడం తేలిక. చంకలో దుప్పటి, చేతిలో మెత్తటి చిన్న దిండు.

ఆఫ్ అనే సంత

ఇంతవరకూ చెప్పింది అసలు ఉత్సవం. ఊళ్లో దాన్ని ‘ఇన్’ అంటారు. నలభై యాభై ప్రదర్శనలు, ప్రభుత్వ నిధులు, ఎంపిక చేసిన దర్శకులు. 1966లో ఆంద్రే బెనెదెత్తో అనే స్థానిక రచయిత, నటుడు ఎవరి పిలుపూ లేకుండా, ఉత్సవంతో సంబంధం లేకుండా, తన చిన్న హాల్లో తన నాటకం వేసుకున్నాడు. అదే ‘ఆఫ్’కు పునాది. మరుసటేడాది ఇంకొందరు. ఇవాళ ఆఫ్‌లో ఏటా 1,500 దాకా, కొన్నేళ్లు అంతకు మించి ప్రదర్శనలు. వందకు పైగా హాళ్లు. హాలంటే హాలే కానక్కర్లేదు. పాత చర్చి, బడి తరగతి గది, కారు షెడ్డు, సెల్లారు.. నలభై కుర్చీలు పడితే చాలు.

ఎంపిక లేదు, వడపోత లేదు. హాలు అద్దె కట్టగలిగితే ఎవరైనా రావచ్చు. ఆ ‘కట్టగలిగితే’ దగ్గరే కథంతా. పొద్దున పదింటి నుంచి అర్ధరాత్రి దాకా హాలు యజమాని రోజును గంటన్నర, రెండు గంటల ముక్కలుగా కోసి అమ్ముతాడు. ఒక్కో ముక్కకు మూడు వారాలకు వేల యూరోలు. ఆట గంటా పది నిమిషాలు. మిగిలిన కాసిని నిమిషాల్లో ఒక బృందం తన సామాను తీసేయాలి, ఇంకో బృందం తనది సర్దుకోవాలి. తెర పడగానే పక్కకెళ్లి చూడండి. రాజుగారు కిరీటం తియ్యకుండానే బల్ల ఒకవైపు ఎత్తుతాడు. హంతకుడు రెండోవైపు పడతాడు. హతుడు చాప చుట్టుకుని పరుగు తీస్తాడు. సందులో తర్వాతి ఆట వాళ్లు పియానో పట్టుకుని నిలబడి ఉంటారు. ఎవరూ గట్టిగా మాట్లాడరు, ఒక్కరూ గుద్దుకోరు. ఆ రోజు చూసిన నాటకం కన్నా అదే బాగుందనిపిస్తుంది కొన్నిసార్లు.

టికెట్ల డబ్బుతో అద్దె గిట్టడం అరుదు. అయినా ఎందుకొస్తారు? ప్రేక్షకుల్లో మెడలో బ్యాడ్జీతో కూర్చునే కొందరి కోసం. వాళ్లు ఫ్రాన్స్ నలుమూలల నుంచి వచ్చిన నాటకశాలల నిర్వాహకులు. నచ్చితే వచ్చే ఏడాదికి ఆటలు కొంటారు. ఒక్క జూలైతో రాత మారినవాళ్లున్నారు. 2011లో అలెక్సీ మిషాలిక్ నాటకం ‘ల పోర్తర్ దిస్త్వార్’ ఆఫ్‌లోనే మొదలై, తర్వాత పారిస్‌లో ఏళ్ల తరబడి ఆడింది. అప్పులతో ఇంటిదారి పట్టినవాళ్లే ఎక్కువ. వాళ్ల పోస్టర్లు నెలాఖరున చెత్త బండెక్కుతాయి.

ఫ్రాన్స్‌లో నటులకు, సాంకేతిక సిబ్బందికి ప్రత్యేక నిరుద్యోగ భృతి ఉంది. ఏడాదిలో 507 గంటల పని చూపిస్తే, ఆటల మధ్య ఖాళీ రోజులకు డబ్బులొస్తాయి. ఆ నిబంధనలను బిగిస్తామని 2003లో ప్రకటించగానే కళాకారులు సమ్మెకు దిగారు. ఆ ఏడాది ఇన్ ఉత్సవం మొత్తం రద్దయింది. యుద్ధం తర్వాత పుట్టి, 1968 విద్యార్థి తిరుగుబాటును కూడా తట్టుకున్న ఉత్సవాన్ని ఆపగలిగింది ఈ 507 అంకె. తర్వాత 2020లో కొవిడ్.

నన్నడిగితే, విలార్ కన్న కల సగం నెరవేరింది, సగం అమ్ముడుపోయింది. అందరికీ అందాలన్న నాటకం ప్రేక్షకుడికి అందింది. దాని ఖర్చు మాత్రం నిచ్చెన ఎక్కిన ఆ అమ్మాయి మోస్తోంది. అయినా రోజుకు ఇన్‌లో ఒకటి చూస్తే ఆఫ్‌లో రెండు చూడమనే చెబుతాను. ఆఫ్‌లో చెత్త ఎక్కువే. కానీ ఆ చెత్తలోంచి మంచి నాటకం సొంతంగా ఏరుకున్నప్పుడు కలిగే సంతోషం, పత్రికలన్నీ పొగిడిన దాన్ని చూసినప్పుడు కలగదు.

కాలువ గట్టున బందరు అద్దకం

ఆఫ్ జనమంతా సాయంత్రం చేరే వీధి ఒకటుంది. అద్దకంవాళ్ల వీధి. ఒకవైపు సోర్గ్ కాలువ, దాని మీద పాచి పట్టిన నీటి చక్రాలు, పైన ప్లేన్ చెట్ల నీడ. కాశ్మీరు చినారుకు ఇవి దగ్గరి చుట్టాలు. కీచురాళ్ల రొదలో పక్కవాడి మాట వినపడదు.

ఈ వీధికీ మన కృష్ణా జిల్లాకూ పాత లెక్క ఉంది. 17వ శతాబ్దంలో మచిలీపట్నం తీరం నుంచి వెళ్లిన కలంకారీ, అద్దకం బట్టలంటే ఫ్రాన్స్ పిచ్చెక్కిపోయింది. ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ గోల్కొండ సుల్తాను దగ్గర అనుమతి తెచ్చుకుని 1669లో బందరులో కొట్టు తెరిచింది. ఎన్నిసార్లు ఉతికినా వెలవని రంగు అక్కడివాళ్లు అంతకుముందు ఎరగరు. దేశంలోని పట్టు, ఉన్ని నేతగాళ్లు గగ్గోలు పెట్టడంతో 1686లో రాజు ఈ బట్టల్ని నిషేధించాడు. అమ్మకూడదు, తయారుచేయకూడదు, కట్టకూడదు. కానీ అవిన్యోన్ రాజుది కాదుగా, పోపుది! చుట్టూ ఫ్రాన్సే ఉన్నా ఈ ఊళ్లో నిషేధం చెల్లలేదు. ఇక్కడి అద్దకంవాళ్లు ‘ఆందియెన్’ పేరుతో మన బట్టలకు నకళ్లు వేసి బాగుపడ్డారు. ఫ్రాన్స్ పట్టుబట్టగా పట్టుబట్టగా 1734లో పోపు ఒప్పుకుని ఆ పరిశ్రమను మూయించాడు. పాతికేళ్లు తిరిగేసరికి, 1759లో, ఫ్రాన్స్ తన నిషేధాన్ని తానే ఎత్తేసింది.

బందరులో కరక్కాయ, పటిక పట్టించిన గుడ్డకు చిరువేరుతో ఎరుపు తెచ్చేవారు. ఇక్కడ ఆ పని మంజిష్ఠ జాతి వేరు చేసేది. 18వ శతాబ్దంలో జాఁ ఆల్తెన్ అనే ఆర్మీనియన్ ఈ ప్రాంతంలో దాని సాగు మొదలుపెట్టాడు. ఒకప్పుడు ఫ్రెంచి సైనికుల ఎర్ర ప్యాంట్లకు రంగు అక్కడిదే. ఇప్పుడు అంగళ్లలో ‘ప్రొవాన్స్ సంప్రదాయం’ అని అమ్మే పూల టేబుల్ గుడ్డల్ని పెడనవాళ్లెవరైనా చూస్తే నవ్వుకుంటారు. ఇంకో తమాషా. అవిన్యోన్‌లో తొలి ఉత్సవం జరిగిన మరుసటి నెలలోనే, 1947 అక్టోబర్‌లో, బందరులోని తమ స్థలాన్ని ఫ్రాన్స్ మన దేశానికి అప్పగించింది. అక్కడ పరాసుపేట, అంటే ఫ్రెంచివాళ్ల పేట, ఇంకా ఉంది.

రాతి గనిలో భారతం

అవిన్యోన్‌కు పదిహేను కిలోమీటర్ల దూరంలో బూల్బోన్ అనే పల్లె, దాని దగ్గర పాడుబడిన రాతి గని. 1985 జూలై 7న ఉత్సవంలో భాగంగా దర్శకుడు పీటర్ బ్రూక్ అక్కడ ‘మహాభారతం’ ఆడించాడు. జాఁ క్లోద్ కారియేర్ ఫ్రెంచిలో రాసిన ఆ నాటకం తొమ్మిది గంటలు. రాత్రంతా ఒకే ఊపులో ఆడిన రోజుల్లో, కురుక్షేత్రం ముగిసేసరికి గని అంచున తెల్లవారేది. నేలంతా మన్ను, మధ్యలో నీటి మడుగు, అక్కడక్కడా మంటలు. భీష్ముడు బుర్కినా ఫాసో నుంచి వచ్చిన సోతిగి కుయాతే. ద్రోణుడు జపాన్ నటుడు యోషి ఓయిదా. ధృతరాష్ట్రుడు పోలెండ్‌వాడు. అంతమందిలో భారతీయురాలు ఒక్కరే, ద్రౌపదిగా మల్లికా సారాభాయ్. అహ్మదాబాద్‌లో మన సి.ఆర్. ఆచార్యుల దగ్గర కూచిపూడి నేర్చిన మనిషి.

ఐరోపా నాటకరంగం దీన్ని నేటికీ తలుచుకుంటుంది. మన దేశంలో అందరికీ నచ్చలేదు. కథను దాని నేల నుంచి, నమ్మకాల నుంచి పెకలించారని రుస్తుం భరూచా లాంటి విమర్శకులు గట్టిగా రాశారు. తెల్లవార్లూ భారతం ఆడడం మనకు కొత్తా? తిరుపతి వేంకట కవుల ఉద్యోగ విజయాలు పెట్రోమాక్స్ వెలుగులో చూసిన పల్లెలెన్ని! పద్యం లేని కృష్ణుడు మనకు ఉప్పు లేని కూరే. కానీ వన్స్‌మోర్‌ల మధ్య మనం ఎప్పుడూ తీరిగ్గా చూడని సంగతి ఒకటుంది: ఎవరిదో ఒకరి వంశం కళ్లముందే తుడిచిపెట్టుకుపోవడం. బ్రూక్ దాన్ని చూశాడనే నా నమ్మకం. 2016 తర్వాత మూతబడ్డ ఆ గనిని 2023లో మళ్లీ తెరిచారు. ఉత్సవ పగ్గాలు అందుకున్న పోర్చుగల్ దర్శకుడు తియాగో రొద్రిగెజ్‌కు అదే తొలి ఉత్సవం. ఈ పదవికి వచ్చిన తొలి విదేశీయుడు. ఏటా ఒక భాషను అతిథిగా పిలవడం ఆయన మొదలుపెట్టిందే. 2023లో ఇంగ్లిష్, తర్వాత స్పానిష్, 2025లో అరబిక్.

వెళ్లాలనుకుంటే

బస ముందే చూసుకోవాలి. జూలైలో చాలామంది స్థానికులు ఇళ్లు అద్దెకిచ్చి ఊరొదిలి పోతారు. అద్దెలు చుక్కల్లో ఉంటాయి. నదికి అవతలి విల్‌నవ్‌లోనో, రైలుకు దగ్గరగా ఉన్న ఆర్ల్, నీమ్ పట్టణాల్లోనో దిగడం మేలు. అర్ధరాత్రి ఆట చూస్తే మాత్రం రైలు దొరకదు. శాకాహారులు రాతతుయి అనే కూరగాయల కూరతో గట్టెక్కవచ్చు. ఆలివ్ ముద్ద టాపెనాడ్‌ను మాత్రం నమ్మకండి, అందులో చేప కలుపుతారు. పక్కూరు కవయోఁ కర్బూజాలు తినకుండా రావద్దు. ఏటా పన్నెండు కర్బూజాలు పంపితే చాలని నవలాకారుడు అలెగ్జాండర్ డ్యూమా తన పుస్తకాలన్నీ ఆ ఊరి గ్రంథాలయానికి రాసిచ్చాడు. విరిగిన సెయింట్ బెనెజె వంతెనకు, అంటే ఫ్రెంచి పిల్లల పాటలోని వంతెనకు, ఒక గంట చాలు. 22 కమానుల్లో మిగిలినవి 4. మిగతావి రోన్ వరదలు పట్టుకుపోయాయి.

కోట ముంగిట ఆటకు టికెట్లు వసంతంలోనే అమ్మకానికి పెడతారు, ఇట్టే అయిపోతాయి. అయిపోయాయని దిగులు పడక్కర్లేదు. ఆటకు గంట ముందు కోట ద్వారం దగ్గరికి వెళ్తే, ‘ఒక టికెట్ కావాలి’ అని రాసిన అట్టముక్కలు పట్టుకుని కొందరు నిలబడి ఉంటారు. వాళ్ల పక్కన నిలబడండి. జ్వరమొచ్చిన స్నేహితుడి టికెట్‌నో, అలిగి రాని మొగుడి టికెట్‌నో అసలు ధరకే ఇచ్చేసి పోయేవాళ్లు రోజూ ఎవరో ఒకరుంటారు. బాకాలు రెండోసారి మోగేదాకా కదలకండి.